దొంగను పట్టించే వెలుగు

రాయ్‌పూర్ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఎప్పుడో తాతల కాలంలో రైల్వే ఉద్యోగం మీద విజయనగరం వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబం. తొమ్మిదో తరగతి చదివే వాళ్లమ్మాయి బడిలో పోటీకి దెయ్యం కథ రాసిందట. అమావాస్య రాత్రి, భీమిలి దగ్గర సముద్రం. తెప్ప మీద ఒంటరి మనిషి. తెడ్డు వేసిన చోటల్లా నీళ్లలో నీలిమంట. వేలు ముంచితే వేలు వెలుగుతుంది. తెల్లారేసరికి తెప్ప ఉంది, మనిషి లేడు. తనను పాడుచేసిన వాళ్లమీద సముద్రం పగ తీర్చుకుందన్నమాట. "ఇలాంటి వెలుగు నిజంగా ఉంటుందా? ఇలా భయపెడితే జనం సముద్రాన్ని బాగా చూసుకుంటారా?" అని తండ్రిగారి ప్రశ్నలు.

రెండోది తర్వాత చూద్దాం. మొదటిది చదివాక నాకు చెయ్యి ఆగలేదు.

ఉంటుంది. 2019 ఆగస్టులో చెన్నై తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ తీరాల్లో రాత్రిపూట అలలు నీలంగా వెలిగితే జనం ఫోన్లు పట్టుకుని పరుగెత్తారు. దానికి కారణం నాక్టిల్యూకా సింటిలాన్స్ అనే ఏకకణ జీవి. ఉడికిన సగ్గుబియ్యాన్ని బాగా చిన్నది చేసినట్టుంటుంది: గుండ్రని పారదర్శకమైన బుడగ, దానికో తోక. పెద్దవి మిల్లీమీటరు దాకా పెరుగుతాయి కాబట్టి ఉత్త కంటికే ఆనుతాయి. సముద్రంలో వెలిగే జీవులు ఇంకా బోలెడు. వాటి జోలికి పోను, పోతే ఈ సంచిక చాలదు.

ఈ వెలుగు దగ్గర పెద్దపెద్దవాళ్లే బోల్తాపడ్డారు. మేఘాల్లో మెరిసేది విద్యుత్తేనని చెప్పిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల చివర్లో ఇది కూడా విద్యుత్తేనన్నాడు. నీరూ ఉప్పూ రాసుకుని పుట్టిన నిప్పురవ్వలని ఆయన ఊహ. కానీ ఆయన ఊహించి ఊరుకునే రకం కాదు. మంచినీళ్లలో ఉప్పు కలిపి గిలక్కొట్టి చూశాడు, వెలగలేదు. అసలు సముద్రపు నీటినే సీసాలో పట్టి ఉంచాడు, కొన్ని గంటలకి అదీ వెలగడం మానేసింది. 1753లో జేమ్స్ బౌడిన్ అనే మిత్రుడు "కంటికి ఆనని జీవులేమో" అని రాస్తే, కాదని వాదించకుండా తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒప్పుకోలు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దానికే వస్తాను.

ఇక లోపలి సంగతి. నాక్టిల్యూకా బుడగలో ఎక్కువ భాగం ఒక పెద్ద నీటి సంచి. ఆ నీరు చింతపండు రసంలా పులుపు, అంటే ప్రోటాన్లతో కిక్కిరిసి ఉంటుంది. సంచి చుట్టూ పలుచటి పొర. ఆ పొరకి ఆనుకుని వేల కొద్దీ సూక్ష్మమైన పొట్లాలున్నాయి, వాటి పేరు సింటిలాన్లు. మండే సరుకు లూసిఫెరిన్, మండించే ఎంజైమ్ లూసిఫెరేజ్, రెండూ ఆ పొట్లంలోనే. ఆక్సిజన్ కూడా దగ్గరే ఉంది. మరి పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండాలి కదా? ఉండదు. పొట్లంలో పులుపు లేనంతసేపూ లూసిఫెరేజ్ ముడుచుకుని పడుకునే ఉంటుంది.

అల తగిలిందో, తెడ్డు తగిలిందో, ఒక ఆకలిగొన్న రొయ్యపిల్ల కాలు తగిలిందో, కణం కొద్దిగా నొక్కుకుంటుంది. ఆ నొక్కుడుకి సంచి పొర మీద ఒక విద్యుత్ తరంగం పుట్టి ఈ చివరనుంచి ఆ చివరకి పాకుతుంది, అచ్చం మన నరాల్లో పాకినట్టే. తరంగం దాటిన చోటల్లా పొరలోని ప్రోటాన్ ద్వారాలు తెరుచుకుంటాయి. సంచిలోని పులుపు పొట్లాల్లోకి దూకుతుంది. లూసిఫెరేజ్ ఒళ్లు విరుచుకుంటుంది. లూసిఫెరిన్ ఆక్సిజన్‌తో కలిసి నీలంగా మెరుస్తుంది. తాకిన క్షణం నుంచి మెరుపు ఆరేదాకా అంతా కలిపి సెకనులో పదోవంతు అటూ ఇటూ. నరం లేదు, మెదడు లేదు, ఉన్నది ఒకే ఒక్క కణం.

ఆ తరంగాన్ని రోజర్ ఎకర్ట్ 1965లో ఈ కణం మీదే కొలిచి చూపించాడు. అంటే ఫ్రాంక్లిన్ తప్పని ఒప్పుకుని వదిలేసిన విద్యుత్తు, రెండు వందల పన్నెండేళ్ల తర్వాత, వేరే వేషంలో, ఆ జీవి కడుపులోనే దొరికింది! పాపం, బతికుంటే ఇంకోసారి ఉత్తరం రాసేవాడు.

ప్రోటాన్ ద్వారాల కథ ఇంకా తమాషా. అలాంటివి ఉండి తీరాలని 1972లో ఫోగెల్, హేస్టింగ్స్ ఈ కోవ జీవుల మెరుపుల్ని పరిశీలించి చెప్పారు. పదేళ్లకి నత్త నరకణాల్లో అవి దొరికాయి. నాక్టిల్యూకా కోవకే చెందిన మరో జీవిలో ఆ ద్వారాల జన్యువు బయటపడేసరికి 2011 వచ్చింది. ఈ మధ్యలో మన తెల్ల రక్తకణాల్లోనూ అవే ద్వారాలున్నాయని తేలింది. 

ఇంత ఏర్పాటు ఎందుకు? మా పాఠకుడి అమ్మాయికి పనికొచ్చే దెయ్యం ఇక్కడుంది. కోపిపాడ్ అనే, రొయ్యల కోవకి చెందిన చిన్న జీవి చీకట్లో ఇలాంటి వెలిగే కణాల్ని మేస్తుంటుంది. అది నోట పెట్టబోగానే కణం మెరుస్తుంది. ఆ వెలుగులో కోపిపాడ్ ఎక్కడుందో దూరాన తిరిగే చేపకి కనబడిపోతుంది. "దొంగ, దొంగ" అని కేకేసి ఊరిని లేపినట్టు. 1943లో బర్కెన్‌రోడ్ చేసిన ఈ ఊహని 1993లో అబ్రహామ్స్, టౌన్సెండ్ తొట్టెల్లో పరీక్షించారు. వెలిగే కణాలున్న నీటిలో స్టికిల్‌బ్యాక్ చేపలకి కోపిపాడ్‌లు ఎక్కువగా చిక్కాయి. నన్ను తింటే నిన్ను తినేవాణ్ని పిలుస్తానని బెదిరించే ఆహారం! ఇంతకన్నా భయంకరమైన కథ నేను చదవలేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న. భయం కత్తి లాంటిది, ఎవరికి తగులుతుందో చెప్పలేం. మనుషుల్ని తినే సొరచేప కథగా పీటర్ బెంచ్లీ 1974లో "జాస్" నవల రాశాడు, మరుసటేడు సినిమా వచ్చింది. జనం సముద్రాన్ని కాదు, సొరచేపల్ని అసహ్యించుకున్నారు. ఆయన తర్వాతి కాలంలో సొరల్ని కాపాడండని తిరిగాడు. గుజరాత్‌లో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. తిమింగలం సొరని 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. 2004లో మొదలైన ప్రచారంలో రామకథ చెప్పే మొరారీ బాపూ దాన్ని "వ్హాలీ", అంటే ప్రియమైనది, అన్నాడు, పుట్టింటికొచ్చిన ఆడపిల్లతో పోల్చాడు. ఒకప్పుడు దాన్ని వేటాడిన జాలరులే ఆ తర్వాత వల కోసి వదిలిపెట్టారు.

అయినా పగబట్టిన సముద్రం అక్కర్లేదు, ఉన్నదే చాలు. అరేబియా సముద్రం ఉత్తరభాగంలో శీతాకాలంలో డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాలు పెరగాల్సిన చోట ఆకుపచ్చ నాక్టిల్యూకా కమ్ముకుంటోంది. నీటిలో ఆక్సిజన్ తగ్గడం దానికి కలిసొస్తోందని 2014లో ఒక పరిశోధన చెప్పింది. దాని కడుపులో ఆకుపచ్చ శైవలాలు కాపురం చేస్తాయి కాబట్టి ఎండతోనూ బతుకుతుంది, తినీ బతుకుతుంది. అంటే ఆ అందమైన మెరుపు కొన్నిచోట్ల నీటి జబ్బుకి గుర్తు. ఫోన్లో వీడియో తీసేవాళ్లకి ఈ మాట ఎవరూ చెప్పరు. రాయ్‌పూర్‌కి సముద్రం లేదని మీరంటారేమో. మీ ఊరి నది ఖారున్ శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో, మహానది పారాదీప్ దగ్గర బంగాళాఖాతంలో. ఖారున్ ఒడ్డున మహాదేవ్ ఘాట్‌లో వదిలింది ఎటువైపు బయల్దేరుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అమ్మాయికి నా సలహా ఒక్కటే. తెప్ప మీది మనిషిని చంపకు, కథ కోపిపాడ్ చేత చెప్పించు. నోరు తెరిచి, నీలి మెరుపు చూసి, వెనక నీళ్లు కదిలిన చప్పుడు విన్నదాని చేత. విశాఖకి వెళ్లినప్పుడు నీళ్లు వెలిగితే సీసాలో పట్టుకొచ్చి బడిలో చూపిస్తానంటావేమో. వద్దు. రైలు రాయ్‌పూర్ చేరేలోపు నీ సీసాకీ ఫ్రాంక్లిన్ సీసాకి పట్టిన గతే పట్టొచ్చు.