సంకీర్తనకు దృశ్యరూపం

గీతం, వాద్యం, నృత్యం... ఈ మూడింటి కలయికే సంగీతమని 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో నిర్వచించాడు. చెవికి వినిపించేదానికి కంటికి కనిపించేది తోడు కావడం మనకు కొత్త కాదు. కూచిపూడి కళాకారుడి అభినయంలోనూ, హరికథకుడి అడుగులోనూ ఉన్నది అదే. కళాశాల విద్యార్థులు అన్నమయ్య సంకీర్తనను వీడియోగా మలచడం కూడా ఆ సంప్రదాయానికి కొనసాగింపే. అయితే కెమెరా చేతపట్టడానికి ముందే చేయవలసిన సాధన ఎంతో ఉంది.

ముందు అర్థం, ఆపై దృశ్యం

‘బ్రహ్మమొక్కటే’ సంకీర్తననే తీసుకుందాం. రాజు నిద్ర, అతని చెంతనున్న బంటు నిద్ర ఒకటేనంటాడు అన్నమయ్య. ఏనుగుపై కాసే ఎండా, శునకంపై పడే ఎండా ఒకటేనంటాడు. దీనికోసం కిరీటాలు, ఏనుగులు సమకూర్చుకోనక్కరలేదు. వసతిగృహంలో నిద్రించే విద్యార్థి, గేటు వద్ద కునుకు తీసే కాపలాదారు చాలు. ఇద్దరినీ ఒకే ఎత్తు నుంచి, ఒకే దూరం నుంచి చిత్రిస్తే చరణం తేటతెల్లమవుతుంది. ఒకరిని ఎదురుగా, మరొకరిని పైనుంచి చూపితే పాట వద్దన్న హెచ్చుతగ్గులను కెమెరాయే కల్పించినట్లవుతుంది. కాపలాదారును తెలియకుండా చిత్రించడం కూడా తగదు. అర్థం వివరించి, సమ్మతి పొంది, అభినయించమని కోరడమే మర్యాద.

సాహిత్యం ప్రాచీనం... మరి బాణీ?

అన్నమయ్య (1408-1503) పాటలకు హక్కుదారులెవరని విద్యార్థులు అనుకోవచ్చు. తిరుమల ఆలయంలో లభించిన రాగిరేకులపై సాహిత్యం, రాగాల పేర్లు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. నేడు మనం వింటున్న బాణీలలో అధికభాగం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి ఆధునిక విద్వాంసులు కూర్చినవే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం బాణీపై హక్కు స్వరకర్త జీవితకాలమే కాక, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. విడుదలైన రికార్డుకు వేరుగా 60 ఏళ్ల రక్షణ ఉంది. కనుక అనుమతి కోరాలి. లేదా తమలోనే సంగీతం నేర్చినవారిచేత కొత్తగా స్వరపరచుకోవాలి. రెండవదే విద్యార్థులకు ఎక్కువ మేలు చేస్తుంది.

చిత్రీకరణలో మెలకువలు

పాటను ముందుగా రికార్డు చేసుకోవాలి. ప్రతి చరణానికీ ఏది, ఎక్కడ, ఏ వేళ చిత్రించాలో కాగితంపై రాసుకోవాలి. చిత్రీకరణ వేళ పాటను స్పీకరులో వినిపిస్తూ, నటించేవారు గొంతెత్తి పాడాలి. పెదవులు మాత్రమే కదిపితే కంఠంలో, ఊపిరిలో ఆ కృత్రిమత్వం తెలిసిపోతుంది. ఖరీదైన దీపాలు లేనివారికి ప్రాతఃకాలపు వెలుగే వరం. ఎడిటింగులో తాళం ఆధారంగా దృశ్యాన్ని మార్చడం మంచిదే. అయితే పదం మధ్యలో విరిచి అర్థాన్ని చెదరగొట్టరాదు.

తిరుమల శ్రీవారి ఆలయంలోకి కెమెరాలను అనుమతించరు. ఇతర ఆలయాలలోనైనా అధికారుల అనుమతి ముందుగా పొందాలి. భక్తుల దర్శనానికి అడ్డురాకూడదు. అందరిపైనా ఒకటిగా కాసే ఎండను చూపడానికి ఊరి వీధి చాలదా?

చివర పేర్లు వేసేటప్పుడు గాయకుడి పేరు, కాపలాదారు పేరు ఒకే పరిమాణపు అక్షరాలలో వేయాలి. సంకీర్తనను విద్యార్థులు ఎంతవరకు ఆకళింపు చేసుకున్నారో తెలిసేది అక్కడే.