అరవైకి అరవై: మారిషస్ శాసనసభ లెక్కలో తెలుగువారి గడి ఏది?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో న్యూ సెటిల్‌మెంట్ ఒక రైల్వే నివాస ప్రాంతం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో కర్మాగారంలోనూ లైన్ల మీదా పనికోసం ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వెళ్ళిన కుటుంబాల వారసులు ఆ పట్టణంలో నేటికీ తెలుగు మాట్లాడుతున్నారు. అంతకు అరవై డెబ్భై ఏళ్ళ ముందే ఇదే తూర్పు తీరం నుంచి మరికొన్ని కుటుంబాలు ఓడలెక్కి హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపం చేరాయి. ఒకరిది రైలు దారి, మరొకరిది సముద్రపు దారి. 2024లో ఈ రెండు చోట్లా పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. ఖరగ్‌పూర్ పట్టణం భాగంగా ఉన్న మేదినీపూర్ లోక్‌సభ నియోజకవర్గంలో మే 25న, మారిషస్‌లో నవంబరు 10న పోలింగ్ జరిగింది. రెండు చోట్లా తెలుగువారు ఓటర్లే అయినా, ప్రజాప్రతినిధులను లెక్కించే తీరులో వారి స్థానం ఒకేలా లేదు. మారిషస్ ఫలితాన్ని అర్థం చేసుకోవడానికి ఆ తేడా బాగా ఉపకరిస్తుంది.

ముందుగా ఫలితం. ప్రతిపక్ష నేత నవీన్ రాంగులామ్ నాయకత్వంలోని ‘అలియాన్స్ ద్యు షాంజ్‌మాన్’, అంటే మార్పు కూటమి, మారిషస్ ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలకు 60 గెలుచుకుంది. రోడ్రిగ్స్ ద్వీపంలోని 2 స్థానాలు అక్కడి ప్రాంతీయ పక్షానికి దక్కాయి. 2017 జనవరి నుంచి ప్రధానిగా ఉన్న ప్రవింద్ జగన్నాథ్ సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయారు. ఆయన కూటమి ‘అలియాన్స్ లెపెప్’ ప్రత్యక్ష ఎన్నికలో ఒక్క స్థానమూ పొందలేకపోయింది. నవంబరు 13న రాంగులామ్ ప్రధానిగా, మారిషస్ మిలిటెంట్ మూవ్‌మెంట్ అధినేత పాల్ బెరాంజే ఉప ప్రధానిగా ప్రమాణం చేశారు.

ఓటమికి కారణాలు పలు విధాలు. జీవన వ్యయం పెరగడం వాటిలో ఒకటి. పోలింగ్‌కు కొద్ది వారాల ముందు రాజకీయ నాయకుల, పాత్రికేయుల ఫోన్ సంభాషణలు సామాజిక మాధ్యమాల్లో వరుసగా వెల్లడయ్యాయి. ప్రభుత్వం సామాజిక మాధ్యమాలపై నిషేధం విధించి, తీవ్ర విమర్శల నడుమ ఒక్క రోజు గడిచేసరికే ఉపసంహరించుకుంది. ఛాగోస్ ద్వీపాల సార్వభౌమత్వంపై బ్రిటన్‌తో అక్టోబరు 3న ప్రకటించిన అంగీకారం ప్రభుత్వానికి పెద్ద దౌత్య విజయమే అయినా, మరునాడే రద్దయిన శాసనసభకు జరిగిన ఎన్నికల్లో అది అక్కరకు రాలేదు.

అయితే ఓట్ల సంఖ్యను, సీట్ల సంఖ్యను పక్కపక్కన పెట్టి చూస్తే మరో విషయం బయటపడుతుంది. గెలిచిన కూటమికి వచ్చినవి అరవై శాతం పైచిలుకు ఓట్లు. ఓడిన కూటమికీ నాలుగో వంతుకు మించి వచ్చాయి. ఓటేసిన ప్రతి నలుగురిలో ఒకరికి పైగా సమర్థించిన పక్షానికి సీట్లు సున్నా. ఇందుకు కారణం మారిషస్ ఓటు విధానం. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలున్నాయి. ఒక్కొక్క దాని నుంచి ముగ్గురు ఎన్నికవుతారు. ప్రతి ఓటరూ మూడు ఓట్లూ తప్పనిసరిగా వేయాలి. తక్కువ వేస్తే ఆ బ్యాలెట్ చెల్లదు. సాధారణంగా ఓటరు ఒకే కూటమికి చెందిన ముగ్గురికీ గుర్తు పెడతాడు. దాంతో గాలి కొంచెం ఒక వైపు వీస్తే చాలు, మూడు స్థానాలూ ఒకేసారి ఆ వైపే పోతాయి.

ఆ గాలి వీచడం ఇది మొదటిసారి కాదు. 1982 జూన్‌లో బెరాంజే, అనిరుద్ధ్ జగన్నాథ్‌ల కూటమి 60కి 60 గెలిచి, స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడిగా పేరున్న శివసాగర్ రాంగులామ్‌ను ఆయన నియోజకవర్గంలోనే ఓడించింది. 1995 డిసెంబరులో శివసాగర్ కుమారుడు నవీన్, బెరాంజేతో కలిసి 60కి 60 సాధించి అనిరుద్ధ్‌ను ఇంటికి పంపారు. 2024లో అదే నవీన్, అదే బెరాంజే తోడుగా, అనిరుద్ధ్ కుమారుడు ప్రవింద్‌ను ఓడించారు. ఇందులో రెండు కుటుంబాల కథ ఉన్నమాట నిజం. కానీ కుటుంబాల కథగా మాత్రమే చూసేవారు లెక్కలోని అసలు కీలకాన్ని వదిలేస్తారు. ఇదే విధానం 2019లో జగన్నాథ్ కూటమికి 37 శాతం పైచిలుకు ఓట్లతోనే 62లో 38 స్థానాలు ఇచ్చింది. ఆనాడు లాభపడినవారే ఈనాడు నష్టపోయారు.

మరి సున్నా స్థానాలు వచ్చిన పక్షం నుంచి ప్రతిపక్ష నాయకుడు ఎలా వచ్చాడు? ఫలితం తర్వాత జో లెజోంగార్ ప్రతిపక్ష నేత అయ్యారు. ఆయన సభకు వచ్చింది ప్రత్యక్ష ఎన్నికలో గెలిచి కాదు. ‘బెస్ట్ లూజర్’ అనే పద్ధతి ద్వారా, అంటే ఓడినవారిలో మెరుగైన ఓట్లు పొందిన అభ్యర్థిగా. ఈ పద్ధతి మారిషస్ రాజ్యాంగంలోనే ఉంది.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం రాకముందే ద్వీపంలోని వివిధ సముదాయాల మధ్య భయాలుండేవి. సంఖ్యలో పెద్దదైన సముదాయమే అన్ని సీట్లూ తీసుకుంటుందేమోనన్న ఆందోళనకు సమాధానంగా గరిష్ఠంగా 8 అదనపు స్థానాలు ఏర్పాటు చేశారు. రాజ్యాంగం జనాభాను నాలుగు సముదాయాలుగా చూస్తుంది: హిందూ, ముస్లిం, చైనా సంతతి, ఆపై ‘జనరల్ పాప్యులేషన్’. మొదటి మూడింటిలో దేనికీ జీవన విధానాన్ని బట్టి చెందనివారందరూ నాలుగో దానికి వస్తారు. ఒకరి జీవన విధానం ఏ సముదాయానికి చెందిందో తేల్చే కొలబద్ద ఏమిటో మాత్రం చట్టం చెప్పదు.

లెక్క కట్టే తీరు ఇది. ఒక సముదాయం జనాభాను, ఆ సముదాయం నుంచి గెలిచిన సభ్యుల సంఖ్యకు ఒకటి కలిపి, దానితో భాగిస్తారు. ఎవరికి అత్యధిక సంఖ్య వస్తే ఆ సముదాయానికే సభలో ప్రాతినిధ్యం తక్కువగా ఉన్నట్టు. ఆ సముదాయానికి చెందిన, పార్టీ తరఫున పోటీచేసి ఓడిన అభ్యర్థుల్లో తన నియోజకవర్గంలో ఎక్కువ శాతం ఓట్లు పొందిన వ్యక్తికి సీటు ఇస్తారు. తర్వాతి సీటుకు మళ్ళీ మొదటినుంచి లెక్క. తొలి నాలుగు స్థానాలను పార్టీతో నిమిత్తం లేకుండా ఇస్తారు. తర్వాతి నాలుగు, ఆ తొలి నాలుగు సీట్ల వల్ల పార్టీల బలాబలాల్లో వచ్చిన మార్పును సరిదిద్దడానికి. 2024లో గెలిచిన కూటమి తరఫున ప్రధాన ద్వీపంలో ఓడినవారే లేరు. తొలి నాలుగు స్థానాలు మాత్రమే భర్తీ అయ్యాయి. వాటిలో రెండు లెపెప్ కూటమికి, రెండు రోడ్రిగ్స్ అభ్యర్థులకు దక్కాయి. అలా 66 మందితో సభ ఏర్పడింది. 2019లో ఎనిమిదీ భర్తీ కావడంతో సభ్యుల సంఖ్య 70.

ఈ భాగహారంలో జనాభా అంకె ఎక్కడిది అన్నదే చిక్కు. అది 1972 జనగణనది. ఆ తర్వాతి జనగణనల్లో సముదాయం వివరం అడగడం మానేశారు. రాజ్యాంగ సవరణ ద్వారా 1972 అంకెలనే శాశ్వత ప్రాతిపదికగా స్థిరపరిచారు. అయినా అభ్యర్థి నామినేషన్ పత్రంలో తన సముదాయాన్ని ప్రకటించాల్సిందే. ప్రకటించకపోతే నామినేషన్ చెల్లదు. దీన్ని సవాలు చేస్తూ ‘రెజిస్టాన్స్ ఎక్ ఆల్టర్నటివ్’ అనే చిన్న పక్షం సభ్యులు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీని ఆశ్రయించగా, పాత జనాభా అంకెల ఆధారంగా ఇలా అడగడం పౌరుల హక్కుకు భంగమని ఆ కమిటీ 2012లో అభిప్రాయపడింది. 2014 ఎన్నికలకు మాత్రం ఒక సవరణ తెచ్చి ప్రకటనను ఐచ్ఛికం చేశారు. ఆ తర్వాత పాత నిబంధనే తిరిగివచ్చింది. 2024లో గెలిచిన కూటమిలో ఆ చిన్న పక్షం కూడా ఒకటి.

ఇక్కడికి తెలుగువారి సంగతి వస్తుంది. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్ది ఆరంభ దశకాల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా మారిషస్ చెరకు తోటలకు వెళ్ళారు. వారు దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్ 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. వారిలోని తెలుగువారిని ఓడలు బయలుదేరిన గోదావరి జిల్లా రేవు పేరుతో ‘కోరంగీలు’ అని పిలిచేవారు. మారిషస్ ఆంధ్ర మహాసభ 1947లో ఏర్పడింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ ద్వీపమే వేదిక. రూపాయి నోటుపై మాత్రం ఆంగ్లం, తమిళం, హిందీ ఉన్నాయి గానీ తెలుగు లేదు.

రాజ్యాంగపు నాలుగు గడుల్లోనూ తెలుగు గడి లేదు. తెలుగు, తమిళ, మరాఠీ సంతతివారందరూ ‘హిందూ’ గడిలోకే వస్తారు. ఆ సముదాయానికి ప్రత్యక్ష ఎన్నికల్లోనే తగినన్ని స్థానాలు దక్కుతుంటాయి కనుక అదనపు సీట్లు ప్రధానంగా ముస్లిం, జనరల్ పాప్యులేషన్ వర్గాలకే వెళ్తాయి. భాష పేరిట ఎవరికీ హామీ లేదు. తెలుగు అభ్యర్థి సభకు రావాలంటే పార్టీ టికెట్ల పంపిణీలో చోటు దొరకాలి. నియోజకవర్గానికి ముగ్గురు చొప్పున అభ్యర్థులుండటం వల్ల ఆ కూర్పులో పార్టీలు కులం, భాష, మతం అన్నిటినీ చూసుకుంటాయి. చట్టం నాలుగు పేర్లే చెబుతుంది, పార్టీ కార్యాలయం మాత్రం అంతకంటే చాలా ఎక్కువ పేర్లు లెక్కిస్తుంది.

ఖరగ్‌పూర్‌లో పరిస్థితి వేరు. భారత నామినేషన్ పత్రంలో రిజర్వుడు స్థానాలకు కులం, తెగ వివరం అవసరమే గానీ, మతానికీ భాషకూ సీటు లేదు. మేదినీపూర్ లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లున్నాయి. తెలుగువారు గుమిగూడి ఉన్నది వాటిలో ఒక్క ఖరగ్‌పూర్ సదర్‌లోనే. అందుకే వారి బలం మున్సిపల్ వార్డుల్లో ఎక్కువగా, అసెంబ్లీకి వచ్చేసరికి కొంతగా, లోక్‌సభకు ఇంకా పలుచగా కనిపిస్తుంది. అయితే 2021 అసెంబ్లీ ఎన్నికల్లో సదర్ స్థానం ఫలితం నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో తేలింది. అలాంటి పోటీలో ఏ చిన్న సమూహమూ చిన్నది కాదు. ఆ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, 2020 డిసెంబరులో, రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఆ డిమాండ్ వినిపించింది ఖరగ్‌పూర్ తెలుగువారి నుంచే.

మారిషస్‌లో ఇప్పుడు చర్చ బెస్ట్ లూజర్ పద్ధతిని ఏం చేయాలన్నదే. దక్షిణాఫ్రికా న్యాయకోవిదుడు ఆల్బీ సాక్స్ నేతృత్వంలోని కమిషన్ 2002లోనే ఓట్ల నిష్పత్తిని బట్టి మరో 30 సీట్లు కలపాలని సూచించింది. ప్రభుత్వాలు మారాయి గానీ సూచన అమలు కాలేదు. రాజ్యాంగంలోని కీలక నిబంధనలు మార్చడానికి నాలుగింట మూడు వంతుల బలం కావాలి. 66 మంది సభలో 60 మందితో 2024లో ఏర్పడిన ప్రభుత్వానికి ఆ బలం పుష్కలంగా దక్కింది, ఎన్నికల సంస్కరణ దాని హామీల్లోనూ ఉంది. కాలం చెల్లిందని అందరూ విమర్శించే ఈ పద్ధతి లేకుంటే 2024 తర్వాత ప్రధాన ద్వీపం నుంచి ప్రతిపక్ష సభ్యుడు ఒక్కరూ సభలో ఉండేవారు కారు. దాన్ని తీసేయదలచినవారు ఆ ఖాళీని దేనితో నింపుతారో ముందుగా చెప్పవలసి ఉంటుంది. అన్ని సీట్లూ గెలిచిన పక్షమే ఆ పని చేయాల్సి రావడం దానికి ఇబ్బందికరం కూడా.

తదుపరి సాధారణ ఎన్నికలు 2029లో రావాలి. ఆలోగా చట్టం మారకపోతే, కోరంగి రేవు నుంచి వెళ్ళినవారి మునిమనవడు పోటీకి దిగినా అదే నాలుగు గడుల పత్రం నింపాలి. అప్పటికి 1972 అంకెలకు 57 ఏళ్ళు నిండుతాయి.