గాల్లో గంట.. ప్రయాణం పూట!

లండన్‌, ప్యారిస్‌ల నడుమ దూరం 340 కిలోమీటర్లే.. కాలం లెక్క తప్పితే విమానం తప్పినట్లే

ఐరోపాలోని రెండు మహానగరాలు లండన్‌, ప్యారిస్‌ల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 340 కిలోమీటర్లు. ఇంచుమించు విజయవాడ నుంచి విశాఖపట్నానికి ఉన్న రైలు దూరమంత. విమానం గాలిలో ఉండేది గంటలోపే. అయినా ఒక నగరంలో ఇల్లు వదిలి మరో నగరంలో గమ్యం చేరేసరికి ఒక పూట గడిచిపోతుంది. బ్రిటన్‌లో చదువుతున్న తెలుగు విద్యార్థులు, పిల్లలను చూసేందుకు వెళ్లే తల్లిదండ్రులు ఈ తేడాను ముందే గ్రహించడం అవసరం.

టికెట్‌పై సమయం వేరు

ఈ మార్గంలో టికెట్‌పై సాధారణంగా గంటా 15 నుంచి గంటా 20 నిమిషాల వరకు ప్రయాణ సమయం చూపుతారు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలి, రన్‌వే చేరి, ఎగిరి, దిగి, మళ్లీ నిలిచే వరకు పట్టే కాలమంతా ఇందులో కలిసి ఉంటుంది.

మరో చిక్కు గడియారాలతో వస్తుంది. ప్యారిస్‌ కాలమానం లండన్‌ కంటే ఏడాది పొడవునా గంట ముందుంటుంది. లండన్‌లో ఉదయం 9 గంటలకు బయలుదేరిన విమానం గంటా 20 నిమిషాలు ప్రయాణించి ప్యారిస్‌లో 11.20కి దిగుతుంది. తిరుగు ప్రయాణంలో 9 గంటలకు బయలుదేరితే లండన్‌లో 9.20కే దిగుతుంది. టికెట్లపై ముద్రించేవి ఆయా నగరాల స్థానిక సమయాలే.

నగరానికి దూరంగా విమానాశ్రయాలు

ప్యారిస్‌లోని చార్లెస్‌ డిగాల్‌ విమానాశ్రయం నగర కేంద్రానికి సుమారు 25 కిలోమీటర్ల దూరాన ఉంది. చౌక విమానాలు దిగే బోవే విమానాశ్రయం 80 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి నుంచి నగరానికి బస్సులోనే గంటకు పైగా పడుతుంది. లండన్‌కూ హీత్రో, గాట్విక్‌, స్టాన్‌స్టెడ్‌, లూటన్‌ వంటి పలు విమానాశ్రయాలున్నాయి. రెండు గంటల ముందు చేరడం, తనిఖీలు, సామాను కోసం నిరీక్షణ కలిపితే మొత్తం ఐదారు గంటలు.

రైలుతో పోటీ

ఇంగ్లిష్‌ చానల్‌ అడుగున నిర్మించిన 50 కిలోమీటర్ల సొరంగం 1994లో ప్రారంభమైంది. ఇందులో నడిచే యూరోస్టార్‌ రైలు సుమారు రెండుంపావు గంటల్లో నగరం నడిబొడ్డు నుంచి నగరం నడిబొడ్డుకు చేరుస్తుంది. ఈ మార్గంలో రోజువారీ విమాన సర్వీసు 1919 ఆగస్టు 25న మొదలైంది. నాటి చిన్న విమానానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. అంటే నేటి రైలు నాటి విమానాన్ని మించింది.

వీసా మరువరాదు

బ్రిటన్‌ వీసా ఉన్నంత మాత్రాన భారతీయులకు ఫ్రాన్స్‌లో ప్రవేశం లభించదు. షెంజెన్‌ వీసా విడిగా పొందాలి. స్వదేశానికి వచ్చే విమానాన్ని ప్యారిస్‌లో అందుకోవాలంటే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌పై ఉండటం మేలు. విడివిడిగా కొన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఆ భారం సాధారణంగా ప్రయాణికుడిదే. అందువల్ల టికెట్‌ కొనేముందు ధరతో పాటు విమానాశ్రయం పేరు, స్థానిక సమయం, వీసా నిబంధన.. ఈ మూడింటినీ సరిచూసుకోవాలి.