పచ్చ ఆలుచిప్ప – గల్పర్ సొర: పంటకూ మూలధనానికీ గల భేదం

చల్లపల్లి నుంచి నాగాయలంక మీదుగా దక్షిణానికి సాగితే వరిచేలు దాటి, మడ అడవులు దాటి సముద్రం చేరుతాము. ఏటా కోసి మళ్లీ నాటే రైతుకు సముద్ర సంపద కూడా ఏటా తిరిగివచ్చే పంటగానే తోచడం సహజం. కాని సముద్రజీవులన్నీ ఒకే వేగంతో పెరగవు. ఇందుకు ఈ రెండు జీవులు మంచి నిదర్శనాలు.

పచ్చ ఆలుచిప్ప

దీని శాస్త్రీయ నామం పెర్నా విరిడిస్. తీరపు రాళ్లకు పోగులతో అంటుకొని, నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను ఆహారంగా గ్రహిస్తుంది. ప్రత్యేకంగా మేత వేయనవసరం లేదు. ఏడాదిలోపే పక్వానికి వచ్చి లక్షల గుడ్లు విడుస్తుంది. కేరళ నదీముఖాలలో పిల్లచిప్పలను తాళ్లకు కట్టి వేలాడదీస్తే సుమారు ఐదారు నెలలలో కోతకు వస్తాయి. నీటిలోని విషపదార్థాలు కూడా దీని దేహంలో చేరుతాయి కనుక మురుగు కాలువలు కలిసే చోట పెంచరాదు.

గల్పర్ సొర

సెంట్రోఫోరస్ ప్రజాతికి చెందిన ఈ సొరలు సాధారణంగా 200 మీటర్లకు దిగువన జీవిస్తాయి. వీటికి గాలితిత్తి ఉండదు. నూనెతో నిండిన పెద్ద కాలేయమే తేలడానికి తోడ్పడుతుంది. ఆ నూనెలోని స్క్వాలీన్ కోసమే వేట సాగుతున్నది. ఇవి పక్వానికి రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. గర్భధారణ సుమారు రెండేళ్లు. సాధారణంగా కాన్పుకు పుట్టేవి ఒకటి రెండు పిల్లలే. మాల్దీవులలో 1980 ప్రాంతంలో మొదలైన ఈ వేట కొద్ది ఏళ్లలోనే ఉచ్చస్థితికి చేరి, తరువాత నిల్వలు అడుగంటి క్షీణించింది. 2010లో ఆ దేశం సొరల వేటనే నిషేధించింది.

మనం గ్రహించవలసినది

ఆలుచిప్ప వరి వంటిది. సొర తాటిచెట్టు వంటిది. మొదటిదాన్ని కోయవచ్చు, రెండవదాన్ని నరికితే మరొక తరం వేచి ఉండాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట విరామం త్వరగా సంతతి పెంచుకొనే జాతులకు మేలు చేస్తుంది. రెండేళ్లు గర్భం మోసే సొరకు అది చాలదు. దాని ఆవాసానికే రక్షణ కావాలి.

ఇందులో సేద్యానికీ పాత్ర ఉన్నది. సౌందర్య సాధనాలలో వాడే స్క్వాలేన్‌ను నేడు ఆలివ్ నూనె నుంచీ, చెరకు చక్కెరను ఈస్టుతో పులియబెట్టీ తయారు చేస్తున్నారు. చెరకు చల్లపల్లి రైతుకు కొత్త పంట కాదు. చేను ఇవ్వగల పదార్థం కోసం, తిరిగి పూడ్చలేని సముద్రపు మూలధనాన్ని ఖర్చు చేయడం వివేకం కాదు.