మరబియ్యము – బెరిబెరి

వరిగింజయొక్క ఊక తొలగించినచో లోపల మూడు భాగములు కానవచ్చును. పైన సన్నని తవుడు పొర, ఒక కొనయందు చిన్న అంకురము, నడుమ తెల్లని పిండిపదార్థము. కడుపు నింపునది పిండిపదార్థమే. కాని దానిని శరీరము శక్తిగా మార్చుకొనుటకు 'బి-1' విటమిను, అనగా థయమిను, అవసరము. ఈ విటమిను అధికభాగము తవుడు పొరయందును, అంకురమునందును ఉన్నది. బియ్యము తెల్లగా ఉండవలెనని ఆ రెండింటిని తీసివేసినచో కలుగు కీడేమో కనుగొని, దానికి మందు తయారుచేయుటకు శాస్త్రజ్ఞులకు అర్ధశతాబ్దము పట్టినది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల ముడిబియ్యమున 0.27 మిల్లీగ్రాముల థయమిను కలదు. మరపట్టిన ఉప్పుడు బియ్యమున 0.17 మిల్లీగ్రాములును, మరపట్టిన పచ్చిబియ్యమున 0.05 మిల్లీగ్రాములును మాత్రమే ఉన్నవి. అనగా గింజ తెల్లబడునప్పటికి అయిదింట నాలుగు వంతులు తవుడుతోపాటు పోవుచున్నవి.

వ్యాధి లక్షణములు

థయమినును శరీరము చిరకాలము నిలువచేసికొనజాలదు. ఆహారమున అది కొరవడినచో రెండు మూడు వారములలోనే నిలువ తరిగిపోవును. మొదట ఆకలి మందగించును. పిమ్మట అరికాళ్ళు తిమ్మిరులెక్కి మంటలు పుట్టును, పిక్కలు నొప్పిపెట్టును. గొంతుకూర్చున్న మనిషి ఊతలేక లేవలేడు. కొందరికి కాళ్ళు వాచి, ఆయాసము కలిగి, గుండె బలహీనమగును. ఈ వ్యాధినే బెరిబెరి యందురు.

ఇది పసిబిడ్డల విషయమున మిక్కిలి భయంకరమైనది. తల్లి ఆహారమున థయమిను లోపించినచో ఆమె పాలలోను లోపించును. తల్లి చూచుటకు ఆరోగ్యవతిగానే ఉండవచ్చును. కాని రెండు మూడు మాసముల బిడ్డ ఆకస్మికముగా పాలు త్రాగుట మానును, వాంతులు చేసికొనును. గొంతు బొంగురుపోయి, ఏడ్చుచున్నను ధ్వని వెలువడదు. ఊపిరి ఎగబోయును. చికిత్స జరుగనిచో కొలది గంటలలోనే ప్రాణము పోవచ్చును. సకాలమున థయమిను సూదిమందు లభించినచో అంతే త్వరగా బిడ్డ తేరుకొనును.

జావాద్వీపమున కోళ్ళు నేర్పిన పాఠము

డచ్చివారి పాలనలోనుండిన జావాద్వీపమున సైనికులును, ఖైదీలును బెరిబెరితో మరణించుచుండిరి. కారణమగు సూక్ష్మజీవిని వెదకుటకై 1886లో ఒక వైద్యబృందము బటేవియా నగరమునకు పంపబడినది. అందు క్రిస్టియాన్ ఐక్మన్ అను యువవైద్యుడుండెను. ఆయనకు సూక్ష్మజీవి దొరకలేదు. కాని 1890 ప్రాంతమున ఆయన ప్రయోగశాలలోని కోళ్ళకు కాళ్ళు పడిపోయినవి. కొంతకాలమునకు అవి తమంత తామే కోలుకొన్నవి.

ఐక్మన్ విచారింపగా కారణము బయటపడినది. ఆ కోళ్ళకు సైనికాసుపత్రి వంటశాలనుండి మిగిలిన తెల్లని అన్నము వేయుచుండిరి. క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నము కోళ్ళకు పెట్టుటకు ఒప్పుకొనలేదు. అప్పటినుండి వాటికి తవుడు తీయని ముడిబియ్యము దొరకినది, జబ్బు నయమైనది.

కోళ్ళకు వచ్చినదే మనుష్యులకును వచ్చుచున్నదా అను సందేహమును తీర్చుటకు వోర్డర్‌మన్ అను అధికారి జావాలోని 101 చెరసాలలను పరిశీలించెను. ముడిబియ్యము పెట్టు 37 చెరసాలలలో బెరిబెరి ఒక్కదానియందే కనబడినది. తెల్లబియ్యము పెట్టు 51 చెరసాలలలో 36 చోట్ల కనబడినది.

తెల్లబియ్యమున ఏదో విషమున్నదనియు, తవుడు ఆ విషమునకు విరుగుడనియు ఐక్మన్ మొదట తలచెను. ఆయన అనుచరుడగు గ్రీన్స్ 1901లో సరియైన అర్థము చెప్పెను: బియ్యమున విషము లేదు, శరీరమునకు అవసరమైన ఒక పదార్థము లోపించినది. అట్టి పదార్థములకు 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు 'విటమిను' అను పేరు పెట్టెను. 1926లో అదే బటేవియాలో యాన్సెన్, డొనాత్ అనువారు తవుడునుండి ఆ పదార్థమును స్ఫటికరూపమున వేరుచేసిరి. ఐక్మన్ 1929లో నోబెల్ బహుమానమును పంచుకొనెను.

నెల్లూరున పుట్టిన శాస్త్రజ్ఞుడు

ఐక్మన్ జావాకు బయలుదేరిన 1886లోనే నెల్లూరున ఒక అమెరికను మిషనరీ కుటుంబమున రాబర్ట్ విలియమ్స్ జన్మించెను. 1910లో ఆయన మనీలా నగరమున రసాయనజ్ఞుడుగా పనిచేయుచు, తవుడు సారమును తయారుచేసి, బెరిబెరితో చావునకు సిద్ధముగానున్న ఒక పసిబిడ్డకు బొట్టుబొట్టుగా త్రాగించెను. బిడ్డ బ్రతికినది. ఆ సారమేమో తెలిసికొనవలెనను పట్టుదల ఆయనను వీడలేదు. ఇరువదియారు సంవత్సరముల తరువాత, 1936లో, ఆయనయు ఆయన సహచరులును థయమిను నిర్మాణమును కనుగొని, దానిని కృత్రిమముగా తయారుచేసిరి. నేడు ఆసుపత్రులలో బిడ్డల ప్రాణము నిలుపుచున్న సూదిమందు ఈ కృషి ఫలితమే.

సర్కారు జిల్లాల అనుభవము

మన దేశమున ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున బెరిబెరికి పేరుపడిన ప్రాంతము ఆంధ్రతీరమందలి ఉత్తర సర్కారులే. దక్షిణమున తమిళ, మలయాళ దేశములందు పలువురు ఉప్పుడు బియ్యము తినుచుండగా, సర్కారులలో పచ్చివడ్లనే ఆడించి తినుట అలవాటు. రోకలి పోటు తగ్గి మరలు వచ్చినకొలది ఆ బియ్యము మరింత తెల్లబడినది.

ఈ వ్యాధిని పరిశోధించుటకే 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరున ఒక గదిలో చిన్న ప్రయోగశాలను నెలకొల్పెను. తరువాత దానికి అధిపతియైన ఎక్రాయిడ్, తన సహచరుడు కృష్ణన్‌తో కూడి, సర్కారులలోని శిశుమరణములపై పరిశీలనను 1941లో ప్రకటించెను. ఆ ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది.

ఆహారమున వైవిధ్యము పెరిగినకొలది బెరిబెరి వెనుకటివలె విస్తారముగా కానరాకపోయినను, పూర్తిగా అంతరింపలేదు. 2010 తరువాత కాశ్మీరులోయలో ప్రాణాపాయస్థితిలోనున్న చంటిబిడ్డలు థయమినుతో కోలుకొన్నట్లు వైద్యులు ప్రకటించిరి. ఆ బిడ్డల తల్లులు ప్రసవానంతరము ఆచారము ననుసరించి ప్రధానముగా తెల్లని అన్నముపైననే ఉండిరి. పత్యము పేరిట బాలింతకు పప్పు, కూరలు మాన్పించి, అన్నము, చారు మాత్రమే పెట్టు ఇండ్లు మన ప్రాంతమునను కలవు. కావున ఈ హెచ్చరిక మనకును వర్తించును.

ఇంటిలో పాటింపదగినవి

థయమిను మూడుచోట్ల నష్టమగును. మరలో తవుడుతో పోవును. అది పశువులకు చేరును. కడుగునప్పుడు నీటితో పోవును. అది కుడితిలో చేరును. వార్చునప్పుడు గంజితో పోవును. అది తూమున చేరును. ఇంటిల్లిపాదికి మిగులునది తెల్లని మెతుకు మాత్రమే. ఈ నష్టమును తగ్గించుటకు గొప్ప వ్యయము అక్కరలేదు.

వీలున్నవారు దంపుడు బియ్యమునుగాని, తక్కువ పట్టుపట్టిన బియ్యమునుగాని వాడవలెను. తవుడునందు నూనె ఉండుటవలన ఇట్టి బియ్యము త్వరగా ముక్కవాసన పట్టును. కావున కొద్దికొద్దిగా తెచ్చుకొనుట మంచిది.

ఉప్పుడు బియ్యము మరియొక మార్గము. వడ్లను నానబెట్టి ఆవిరిపై ఉడికించునప్పుడు పై పొరలలోని విటమిను గింజ లోపలికి ఇంకును. తరువాత మరపట్టినను, కడిగినను అంతగా పోదు.

బియ్యమును ఒకటి రెండుసార్లు మాత్రమే కడుగవలెను. చేతితో గట్టిగా పులుమరాదు. అత్తెసరు పెట్టి వండినచో వార్చవలసిన పనియే లేదు. వార్చినచో గంజిని పారబోయక త్రాగుట మేలు.

కంది, పెసర మొదలగు పప్పులు, వేరుసెనగ, నువ్వులు, జొన్న, సజ్జ, గోధుమ థయమినును సమకూర్చును. గర్భిణికిని, బాలింతకును అన్నముతోపాటు ప్రతిదినము పప్పు తప్పక పెట్టవలెను. పత్యము ఆమె బలమును కాపాడవలెనేగాని హరింపరాదు. అధికముగా మద్యము సేవించువారికిని ఈ లోపము కలుగుచుండును.

చంటిబిడ్డ పాలు విడిచి, గొంతుపోయి, ఆయాసపడుచున్నచో దిష్టియనియో, జలుబనియో ఇంటిలో కాలయాపన చేయరాదు. తక్షణమే ఆసుపత్రికి కొనిపోయి, తల్లి తినుచున్న ఆహారమును వైద్యునకు ఉన్నదున్నట్లు తెలుపవలెను. ఆ మాటయే ఒక్కొకప్పుడు బిడ్డ ప్రాణమును దక్కించు మందునకు త్రోవ చూపును.