బండి నిలిపిన చోటే సైకిల్ దారి

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు షిఫ్టు మారే వేళ రోడ్డు అంచున కాసేపు నిలబడితే చాలు. మరమగ్గం దగ్గర 12 గంటలు నిలబడి పనిచేసిన మనిషి హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకుని ఇంటిదారి పడతాడు. ఎడమ అంచున పోదామంటే సైడ్ స్టాండ్ వేసిన బైకుల వరస, ఆ పక్కన కారు, ఇంకాస్త ముందుకెళ్తే బట్టల మూటలు దించుతున్న టెంపో. ఒక్కో బండిని తప్పించుకోవడానికి కుడికి జరగాలి, వెనక దూసుకొచ్చే ఆటోకో లారీకో అడ్డం పడాలి. ఆగి ఉన్న కారు తలుపు ఏ క్షణాన తెరుచుకుంటుందోనని దాని మీదా ఓ కన్నేసి ఉంచాలి. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందటే మగ్గాల పనికి వలస వెళ్లిన పద్మశాలీలు ఈ పేటల్లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. అంచేత ఇది మన ఇంటి సంగతి కూడా.

సైకిల్ దారి అనగానే మనకు రంగు, బోర్డు, ప్రారంభోత్సవం గుర్తొస్తాయి. కేంద్రం 2020లో నగరాలకు సైకిళ్లకు అనువుగా మారే పోటీ పెట్టింది. 2022లో ప్రకటించిన 11 విజేత నగరాల్లో సూరత్ ఉంది, మన వరంగల్ కూడా ఉంది. ఆ శ్రమను తక్కువ చేయనక్కర్లేదు. కానీ సైకిల్ దారి బతుకుతుందా లేదా అన్నది రంగు తేల్చదు, పార్కింగ్ నిబంధన తేలుస్తుంది. లెక్క చూడండి: రోడ్డు వారగా కారు ఆపడానికి రెండు, రెండున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. ఒకవైపు వెళ్లే సైకిళ్ల దారికి కావలసిందీ ఇంచుమించు అంతే. ఆ రెండూ ఒకే జాగా. కార్లకు వదిలేస్తే కిలోమీటరు పొడవున ఒక పక్క ఓ 180 కార్లు నిలుస్తాయి. సైకిళ్లకు ఇస్తే రోజంతా ఎన్ని వేల మందైనా వెళ్లొచ్చు.

ఊరి నడిబొడ్డున గజం స్థలం ధర ఎంతో సూరత్ వ్యాపారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అంత విలువైన నేలను పైసా తీసుకోకుండా రోజంతా కారుకు అప్పగించడం కానుక ఇవ్వడమే. పార్కింగ్ రుసుము ఆ స్థలం విలువకు తగ్గట్టు ఉండాలని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. సూరత్ నగరపాలక సంస్థ కూడా పార్కింగ్ విధానం రూపొందించుకుంది, పే అండ్ పార్క్ అక్కడివాళ్లకు కొత్త మాటేం కాదు. అయితే ఒక చోట డబ్బు వసూలుచేసి పక్క సందులో ఊరికే ఆపుకోనిస్తే బళ్లన్నీ ఆ సందులోకే చేరతాయి. సైకిల్ దారి మీదికీ చేరతాయి, అక్కడా అడిగేవాళ్లు ఉండరు కనుక.

రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల వాళ్ల భయం నిజమైనదే: బండి ఆపే చోటు లేకపోతే బేరం రాదు, సరుకు దిగదు. అయితే పొద్దున తెచ్చి సాయంత్రం దాకా కదపని బండి కొనేవాళ్లది కాదు. సాధారణంగా అది దుకాణదారుడిదో అందులో పనిచేసేవాళ్లదో అయి ఉంటుంది. గంటగంటకూ రుసుము పెరిగితే ఆ బండి వేరే చోటు వెతుక్కుంటుంది, బేరానికి వచ్చినవాళ్లకు జాగా దొరుకుతుంది. టెంపోలకు సరుకు దించుకునే వేళలు, గుర్తు గీసిన చోటు విడిగా ఇవ్వాలి. అది ఇవ్వకుండా జరిమానాలు వేయడం అన్యాయం.

స్కూటర్ నడిపేవాళ్లూ చిన్న జీతగాళ్లేగా, వాళ్ల మీద భారమెందుకు అనే ప్రశ్న ఇంకా బరువైనది. అందుకే రుసుము ఆక్రమించిన జాగాను బట్టి ఉండాలి. ఒక కారు చోటులో అరడజనుకు పైగా స్కూటర్లు, పది సైకిళ్లు పడతాయి. స్కూటర్‌కు నామమాత్రంగా, సైకిల్‌కు ఉచితంగా ఉంచి కారు దగ్గర పూర్తి వెల తీసుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు. ఇంట్లో చోటు లేక వీధిలో పెడుతున్నాం అనేవాళ్లున్నారు. కానీ ఆ చోటు చూసుకోవాల్సింది కారు కొనేముందే: జపాన్ 1962 నుంచే కారు కొనేవాళ్లను దాన్ని ఎక్కడ పెడతారో చూపించమని అడుగుతోంది. ఇక, సైకిల్ తొక్కేవాళ్లు ఇప్పుడెంతమంది అంటారా? 2011 జనగణన ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులు చేసేవాళ్లలో దాదాపు 13 శాతం సైకిల్ మీదే పనికి వెళ్లారు. వాళ్లను అంచు నుంచి కూడా నెట్టేసి, ఆ తర్వాత లెక్కపెట్టి తక్కువమందే ఉన్నారంటే ఎలా? మొదట లింబాయత్ నుంచి ఉధ్నా మగ్గాల దాకా ఒక్క రోడ్డున, షిఫ్టు మారే రెండు పూటలా ఎడమ అంచును ఖాళీగా ఉంచి చూడాలి, లెక్క ఆ తర్వాత తీయాలి.