పార్కు పోకుండా కాపాడే పాత కాగితం

ఆదివారం ఉదయం పది గంటలు. కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటాయి. మొదటి అరగంటా కుక్కల బెడద, వెలగని వీధి దీపాలు, వారంగా రాని చెత్త బండి. ఆ తర్వాత కార్యదర్శి (చాలాచోట్ల ఈయన రిటైర్డ్ ఉద్యోగే) జేబులోంచి కాగితం తీసి 'ఆస్తిపన్ను ఏప్రిల్ 30లోగా కడితే ఐదు శాతం రాయితీ' అని చదువుతారు. టీ వచ్చేసరికి సగం మంది లేచిపోతారు. హైదరాబాద్‌లో ఏ కాలనీ సంక్షేమ సంఘం సమావేశమైనా దాదాపు ఇంతే.

చూడ్డానికి కాలక్షేపంలాగే ఉంటుంది. కానీ అడిగేవాళ్లు లేని కాలనీలో ఆగిపోయేది చెత్త బండి ఒక్కటే కాదు... పార్కే మాయమైపోతుంది!

లేఅవుట్ వేసేటప్పుడు సాధారణంగా మొత్తం విస్తీర్ణంలో పదో వంతు అందరి కోసం ఖాళీగా వదలాలి. పదెకరాల వెంచరైతే ఎకరం, అంటే 4,840 గజాలు. ప్లాట్లు కొన్నవాళ్లు ఇళ్లు కట్టుకునేసరికి ఏళ్లు గడిచిపోతాయి. అప్పటిదాకా ఆ ఎకరంలో సర్కారు తుమ్మ తప్ప ఏమీ ఉండదు. గజం ధర పెరిగేకొద్దీ దానిమీద కన్ను పడుతుంది. ఓ రోజు పొద్దున్నే చూస్తే చుట్టూ కడీలు పాతి ఉంటాయి. ఇదేమిటని అడిగితే, 'నా ప్లాటు' అంటూ ఓ నంబరు చూపిస్తారు.

పట్టుబడితే ఏమవుతుందో బెంగళూరులో తేలింది. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంతో ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఇచ్చేశారు. ఆస్పత్రి కూడా ప్రజల కోసమే కదా అన్నది అవతలివాళ్ల వాదన. స్థానికులు హైకోర్టుకెళ్తే మొదట పిటిషన్ కొట్టేశారు. వాళ్లు వదల్లేదు, అప్పీలుకెళ్లి గెలిచారు. 1991లో సుప్రీంకోర్టూ వాళ్లవైపే నిలిచింది. పార్కు స్థలాన్ని ప్రైవేటువాళ్లకు కట్టబెట్టడం చెల్లదని, దాన్ని ప్రశ్నించే హక్కు అక్కడ నివసించేవాళ్లకు ఉందని చెప్పింది.

కాబట్టి సంఘం బీరువాలో ముందుగా ఉండాల్సింది ఆమోదం పొందిన లేఅవుట్ నకలు. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం సంఘం రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులు చాలు. 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా పార్కుల ఆక్రమణలపై ఫిర్యాదులు తీసుకుంటోంది. అక్కడికెళ్లినా చేతిలో కాగితం ఉంటేనే మాటకు బలం.

సంఘాలన్నీ సక్రమంగా ఉన్నాయని కాదు. అద్దెకున్నవాళ్లకు చాలాచోట్ల సభ్యత్వమే ఉండదు, నీళ్లు రాకపోతే వాళ్లూ అందరిలాగే ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నా సరే. ఆడవాళ్లు ముగ్గుల పోటీకీ బతుకమ్మకీ గుర్తొస్తారుగానీ కార్యవర్గానికి గుర్తురారు. ఎన్నికల్లో ఓడినవాళ్లు రెండో సంఘం పెట్టేసుకున్న కాలనీలకూ కొదవలేదు!

ఇంకో చిక్కుంది. కార్యదర్శి అమెరికాలో కొడుకు దగ్గరికి ఆర్నెల్లు వెళ్తారు. ఫైళ్లు బీరువాలో, తాళంచెవి ఆయన దగ్గర. లేఅవుట్ నకలు ఇంకో ఇద్దరి ఇళ్లలోనూ ఉంచితే ఈ బాధ తప్పుతుంది.